వేట పడవకు మారు డీజిల్ ఇంజను ఎంచుకునే విధానం

ఏప్రిల్ 15న తూర్పు తీరంలో వేట నిషేధం మొదలుకాగానే జువ్వలదిన్నె, మైపాడు, కొత్తపట్నం తీరాల్లో పడవలు ఒడ్డుకు చేరతాయి. జూన్ 14 వరకు ఉండే ఆ 61 రోజుల్లోనే వలల మరమ్మతు, చెక్క పని, రంగులు, ఇంజను పని అన్నీ ముగించుకోవాలి. ఇంజను మార్చాలనుకునేవారిలో చాలామంది ఏప్రిలంతా ఆలోచనలోనే గడిపి, మే నెలాఖరులో తొందరపడి చేతికి అందినదానినో, పక్క పడవవారు వేసుకున్నదానికంటే పది హెచ్‌పీ ఎక్కువ ఉన్నదానినో కొనేస్తారు. ఒకసారి ఎక్కించిన ఇంజను పదిహేనేళ్ళయినా పడవలో ఉండేది కనుక, ఆ ఎంపికకు సంబంధించిన లెక్కలు సంక్రాంతి దాటగానే మొదలుపెట్టడం మంచిది. ఇక్కడ చెప్పేవన్నీ పడవ లోపల బిగించి, షాఫ్టుతో ప్రొపెల్లరును తిప్పే ఇంజన్లకు సంబంధించినవి. వెనుక తగిలించే మోటార్లకూ, పొడవు షాఫ్టుతో చేత్తో తిప్పుకునే చిన్న ఇంజన్లకూ లెక్క వేరుగా ఉంటుంది.

ముందుగా, తప్పు నిజంగా ఇంజనులోనే ఉన్నదా అన్నది తేల్చుకోవాలి. పడవ వేగం తగ్గిందంటే అందరూ ఇంజనునే తిడతారు కానీ, అడుగున గుల్ల పట్టి ఉండవచ్చు, ప్రొపెల్లరు రెక్క ఇసుకమేటకు తగిలి వంగి ఉండవచ్చు, లేదా డీజిల్ ఫిల్టరు పూడిపోయి ఉండవచ్చు. పొగ రంగును బట్టి కొంత తెలుస్తుంది. నల్లపొగ వస్తే ఇంజనుకు గాలి చాలడం లేదు, లేదా మోయలేని భారం పడుతున్నది. నీలిపొగ వస్తే ఆయిల్ మండుతున్నది. ఇంజను బాగా వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ ఆగకపోతే కంప్రెషన్ తగ్గిందనో, ఇంజెక్టర్లు చెడ్డాయనో, సిలిండరులోకి నీరు చేరుతున్నదనో అనుమానించాలి. ఇంజను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసినప్పుడు పొగ గుప్పుగుప్పున పైకి తన్నుతుంటే రింగులు, లైనర్లు (సిలిండరు లోపలి గోడలు) అరిగిపోయినట్లే. అప్పుడు కూడా వెంటనే కొత్తదానికి పరుగెత్తకుండా, ఓవర్‌హాలుకు ఎంతవుతుందో రాయించుకోండి. ఆ మొత్తం కొత్త ఇంజను ధరలో సగం దాటితే పాతదానిని వదులుకోవడమే లాభమని నా అభిప్రాయం. సముద్రపు నీరే నేరుగా బ్లాకులో తిరిగే పాత తరహా ఇంజనైతే, సగం ధరకు తక్కువే అయినా ఓవర్‌హాలు చేయించవద్దు. బ్లాకును ఉప్పు లోపలినుంచి తినివేసిన తరువాత కొత్త లైనర్లు వేసినా నిలవవు.

ఎన్ని హెచ్‌పీ కావాలి?

అందరూ మొదట అడిగేదీ, అందరూ తప్పుగా లెక్కించేదీ ఇదే. నీటిలో కూర్చుని, నీటిని పక్కకు నెట్టుకుంటూ నడిచే పడవకు ఒక సహజమైన వేగ పరిమితి ఉంటుంది. నీటి గీత దగ్గర పడవ పొడవును అడుగుల్లో కొలిచి, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ పరిమితి నాట్లలో వస్తుంది. నీటి గీత 36 అడుగులున్న పడవకు వర్గమూలం 6 కనుక ఆ పరిమితి 8 నాట్లు, అంటే గంటకు దాదాపు 15 కిలోమీటర్లు. అంతకు మించి నడిపించాలంటే పడవ తాను లేపిన అలనే తాను ఎక్కవలసి వస్తుంది. అప్పుడు ముక్కు పైకి లేస్తుంది, వెనుక భాగం కుంగుతుంది, డీజిల్ ఖర్చు రెట్టింపయినా వేగం మాత్రం ముప్పాతిక నాటు కూడా పెరగదు. పరిమితికి లోపల కూడా వేగాన్ని పెంచేకొద్దీ కావలసిన శక్తి దాని ఘనం చొప్పున పెరుగుతుంది. అదే సూత్రాన్ని తిరగేస్తే, వేగాన్ని ఐదో వంతు తగ్గించుకున్న డ్రైవరు దాదాపు సగం శక్తితోనే ఇంటికి చేరగలడు.

ఇక బరువు సంగతి. ఖాళీ పడవ బరువు కాక వల, ఐసు, డీజిల్, తాగే నీళ్ళు, మనుషులు, తిరుగు ప్రయాణంలో చేప అన్నీ కలిపిన నిండు బరువును లెక్కలోకి తీసుకోవాలి. ఆ బరువుకు టన్నుకు 4 నుంచి 5 హెచ్‌పీ ఉంటే, గాలికి ఎదురు వెళ్ళవలసి వచ్చినా పడవ తన పరిమితి వేగానికి దగ్గరగా నడుస్తుంది. నిండు బరువు 14 టన్నులుంటే 56 నుంచి 70 హెచ్‌పీ అన్నమాట. వలను ఈడ్చే పడవకు, లేదా కార్తీకంలో ఈశాన్య గాలి జోరుగా ఉన్నప్పుడు కూడా మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాటవలసిన పడవకు మరో పది హెచ్‌పీ కలుపుకొని 80 దగ్గర ఆగిపోవచ్చు. డీజిల్ ఇంజను ఒక హెచ్‌పీని గంటసేపు ఇవ్వడానికి సుమారు 0.2 లీటరు తాగుతుంది. 60 హెచ్‌పీ వాడుతూ నడిచే పడవకు గంటకు 12 లీటర్లు అవుతుంది కనుక, ట్రిప్పుకు ఎన్ని గంటలో మీకే తెలుసు, గుణించి చూసుకోండి.

ఈ పొరపాటు నేను స్వయంగా చేశాను. మా చిన్నాన్న పడవలోని 68 హెచ్‌పీ పాత ఇంజనును దించి, ఒక పాత సామాన్ల వ్యాపారి మాట నమ్మి 120 హెచ్‌పీ లారీ ఇంజనును దగ్గరుండి ఎక్కించాను. మొదటి రోజు జీపీఎస్‌లో అర నాటు వేగం పెరిగిందని అందరం సంతోషించాము. అయితే ఆ ఇంజను పాతదానికంటే దాదాపు 200 కిలోలు ఎక్కువ బరువు. నిండు ఐసుతో బయలుదేరితే వెనుక డెక్కు నీళ్ళు బయటకు పోవడానికి పెట్టిన రంధ్రాలు నీటి గీత కిందికి వెళ్ళి, పోవలసిన నీళ్ళు లోపలికి రావడం మొదలైంది. చిన్నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఏడాది డీజిల్ బిల్లులన్నీ దారానికి గుచ్చి, నేను కూర్చునే కుర్చీకి ఎదురుగా గోడకు వేలాడదీశారు.

పెద్ద ఇంజనుతో ఇంకొక నష్టం ఉన్నది. దానిని సగం కూడా వాడకుండా గంటల తరబడి మెల్లగా నడిపితే సిలిండర్లు తగినంత వేడెక్కవు, డీజిల్ పూర్తిగా కాలదు, లైనరు గోడలు గాజులా నునుపెక్కి ఆయిల్ పొర నిలవదు. రెండేళ్ళలోనే ఇంజను ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది. డీజిల్ ఇంజనుకు ఖాళీగా తిరగడం కంటే పని చేస్తూ తిరగడమే ఆరోగ్యం.

లారీ ఇంజనా, సముద్రపు ఇంజనా?

నెల్లూరు ఆటోనగర్‌లో పాత లారీ ఇంజను సముద్రపు ఇంజను ధరలో కొద్ది భాగానికే దొరుకుతుంది, బ్లాకు కూడా చాలా సందర్భాల్లో ఒకటే. అశోక్ లేలాండ్ వంటి కంపెనీలు లారీలకు, పడవలకు దగ్గర సంబంధమున్న ఇంజన్లనే తయారుచేస్తాయి కూడా. కనుక లారీ ఇంజను పనికిరాదని నేను అనను. అయితే బ్లాకు ఒకటైనంత మాత్రాన ఇంజను ఒకటి కాదు. లారీ ఇంజనులో చాలా రకాలకు డీజిల్ పంపులోని గవర్నరు కనిష్ఠ వేగాన్ని, గరిష్ఠ వేగాన్ని మాత్రమే అదుపు చేస్తుంది, మధ్య వేగాలను డ్రైవరు కాలే చూసుకుంటుంది. పడవలో అలా కుదరదు. అల మీద వెనుక భాగం లేచి ప్రొపెల్లరు గాలిలోకి వచ్చినప్పుడు భారం ఒక్కసారిగా పోయి ఇంజను కేక పెడుతుంది, మరుక్షణం నీటిలో మునగగానే కుంగిపోతుంది. అన్ని వేగాల దగ్గరా పట్టి ఉంచే గవర్నరు పడవకు తప్పనిసరి. రెండవది, ప్రొపెల్లరు వెనక్కి నెట్టే నీటి ఒత్తిడి అంతా షాఫ్టు ద్వారా గేరుబాక్సు మీదికే వస్తుంది. సముద్రపు గేరుబాక్సులో దానిని మోసే థ్రస్ట్ బేరింగ్ ఉంటుంది, లారీ గేరుబాక్సులో ఉండదు. మూడవది, నీటితో చల్లబడే ఎగ్జాస్ట్ మానిఫోల్డు లేకపోతే, ఎర్రగా కాలే ఇనుము డీజిల్ వాసన నిండిన మూసిన గదిలో, చెక్కకో ఫైబర్‌కో జానెడు దూరంలో ఉంటుంది. ఈ మూడింటినీ, వీటితో పాటు హీట్ ఎక్స్‌చేంజరునూ (ఇంజనులో తిరిగే మంచినీటిని సముద్రపు నీటితో చల్లబరిచే భాగం) విడిగా కొని అమర్చేసరికి మొదట కనిపించిన పొదుపులో పెద్ద భాగం కరిగిపోతుంది.

కొత్త సముద్రపు ఇంజను కొనేటప్పుడు పత్రంలో రాసిన హెచ్‌పీ అంకెను మాత్రమే చూడకుండా, అది ఏ రకం వాడకానికి ఇచ్చిన అంకె అని అడగాలి. ఒకే ఇంజనును కంపెనీలు విహార పడవకు ఒక హెచ్‌పీతో, రోజంతా నిండు భారంతో నడిచే వేట పడవకు అంతకంటే తక్కువ హెచ్‌పీతో అమ్ముతాయి. మనకు కావలసినది నిరంతర వాడకపు అంకె. దానితోపాటు మన ఎండను కూడా లెక్కలో కలుపుకోవాలి. చాలా పత్రాల్లో అంకెలు 25 డిగ్రీల గాలికి ఇచ్చినవి. మే నెలలో మన తీరంలో మూసిన ఇంజను గదిలోపలి గాలి 45 డిగ్రీలు దాటడం విశేషమేమీ కాదు. వేడిగాలి పలుచన కనుక ఇంజనుకు అందే ప్రాణవాయువు తగ్గి శక్తి పడిపోతుంది. 45 డిగ్రీల గాలికీ, 32 డిగ్రీల సముద్రపు నీటికీ తగినట్లు చల్లబరిచే ఏర్పాటు ఉన్నదా అని రాతపూర్వకంగా అడగండి. అమ్మేవారు తడబడితే ఆ తడబాటునే జవాబుగా తీసుకోవచ్చు.

డీజిల్ చిమ్మడాన్ని కంప్యూటరే అదుపు చేసే ఎలక్ట్రానిక్ కామన్ రైల్ ఇంజన్లు డీజిల్ తక్కువ తాగుతాయి, పొగ తక్కువ, చప్పుడూ తక్కువ. అయినా మన తీరంలోని మధ్యరకం పడవకు నేను ఇంకా మెకానికల్ పంపు ఇంజనునే సూచిస్తాను. కామన్ రైల్‌లో డీజిల్ వెయ్యి బార్‌కు మించిన ఒత్తిడితో సన్నని రంధ్రాల గుండా పోతుంది కనుక చుక్క నీరు, చిటికెడు మడ్డి కూడా అది భరించదు. ఉప్పుగాలికి సెన్సారు పిన్నులు పచ్చబడితే బాగున్న ఇంజను కూడా నడిసముద్రంలో శక్తి తగ్గించుకొని కూర్చుంటుంది. తీరం నుంచి పాతిక నాటికల్ మైళ్ళ దూరంలో లాప్‌టాప్ పట్టుకొని వచ్చే మెకానిక్ ఎవరూ ఉండరు. ఏ కంపెనీ అన్నది కూడా ఈ దృష్టితోనే తేల్చుకోవాలి. లేలాండ్, కిర్లోస్కర్, గ్రీవ్స్, కమిన్స్, యన్మార్ అన్నీ పేరున్నవే. మీ రేవులో ఏ ఇంజనును విప్పి బిగించిన చేతులు ఉన్నాయి, దాని ఇంపెల్లరు, గాస్కెట్టు, ఇంజెక్టరు నాజిల్ ఒక్క రోజులో నెల్లూరు నుంచో, ఒంగోలు నుంచో, చెన్నై కాశిమేడు నుంచో తెప్పించుకోగలరా అన్నదానిని బట్టి ఇంజను మంచిదో కాదో నిర్ణయించండి.

చల్లబరిచే పద్ధతి

మన మొగలన్నీ ఇసుకవే. పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తీసినప్పుడు, మొగ దాటే పడవ అడుగున ఇసుక లేచి, నీరు లాక్కునే రంధ్రం గుండా పంపులోకి పోతుంది. రబ్బరు ఇంపెల్లరు రెక్కలను ఆ ఇసుక ఆకురాయిలా అరగదీస్తుంది. ఆపైన జెల్లీచేపలు, ఈ మధ్య వాటికంటే ఎక్కువగా ప్లాస్టిక్ సంచులు ఆ రంధ్రానికి అడ్డుపడుతున్నాయి. కాబట్టి హీట్ ఎక్స్‌చేంజరు ఉన్న ఇంజను తీసుకుంటే, పడవ లోపలినుంచే తెరిచి శుభ్రం చేయగల పెద్ద జల్లెడ గిన్నెను దానికి ముందు తప్పక పెట్టించండి. రోజూ మొగ దాటే పడవకు కీల్ కూలింగ్ మరింత నిశ్చింతైన పద్ధతి. ఇందులో పడవ అడుగున బయటివైపు బిగించిన గొట్టాల్లో మంచినీరు, కూలెంటు తిరిగి చల్లబడతాయి, సముద్రపు నీరు ఇంజను దగ్గరకే రాదు. గొట్టాలు ఇసుకకు రాసుకోకుండా వెన్నుచెక్క పక్కన ఒదిగి ఉండాలి, వాటిమీద మందపు రంగు పూయకూడదు, గుల్ల పట్టనివ్వకూడదు. ఇంతకుమించి దానికి చేయవలసిన సేవ లేదు.

గేరు, ప్రొపెల్లరు

కొత్త ఇంజనుకు పాత ప్రొపెల్లరునే తగిలించి, ఇంజను బాగాలేదని తిట్టేవారిని ప్రతి ఏడూ చూస్తుంటాను. ఇంజను, గేరు నిష్పత్తి, ప్రొపెల్లరు మూడూ కలిసి ఒకే కొనుగోలు అని భావించాలి. వలను ఈడ్చే బరువైన పడవకు పెద్ద ప్రొపెల్లరు మెల్లగా తిరగడం మేలు. ఇంజను నిమిషానికి 2,400 చుట్లు తిరుగుతుంటే 3:1 గేరుతో షాఫ్టు 800 చుట్లు తిరుగుతుంది. ప్రొపెల్లరు పిచ్ (జారుడు లేకుంటే ఒక చుట్టుకు అది ముందుకు సాగే దూరం) 18 అంగుళాలనుకుంటే 800ను 18తో గుణించి, నిమిషానికి అంగుళాలను నాట్లలోకి మార్చే 1,215తో భాగించగా దాదాపు 11.9 నాట్లు వస్తాయి. నీటిలో జారుడు పోను బరువైన వేట పడవకు అందులో మూడో వంతుకు పైగా తగ్గి, ఏడున్నర నాట్ల దగ్గర నిలుస్తుంది. పైన లెక్కించిన పడవ పరిమితికి ఇది సరిపోయింది. ఇలా సరిపోకపోతే నిష్పత్తినో, పిచ్‌నో మార్చాలి. ప్రొపెల్లరు వ్యాసం పెంచదలిస్తే రెక్క కొనకూ పడవ అడుగుకూ మధ్య వ్యాసంలో పదో వంతుకు తక్కువ కాకుండా సందు మిగలాలి, లేకపోతే పడవంతా దడదడలాడుతుంది. షాఫ్టు ఏ వైపు తిరుగుతుందో కూడా రాసుకోండి. కుడి తిరుగుడు ప్రొపెల్లరుకు ఎడమ తిరుగుడు గేరుబాక్సు కొని తెచ్చుకున్నవారు నాకు తెలుసు.

కొలతలు, కాగితాలు

పాత ఇంజను దించకముందే ఇంజను కూర్చునే బెడ్డు దిమ్మల మధ్య వెడల్పు, దిమ్మ పైభాగం నుంచి షాఫ్టు మధ్యకు ఎత్తు, కప్లింగు (షాఫ్టునూ గేరుబాక్సునూ కలిపే బిళ్ళ) ముఖం నుంచి ముందు గోడకు దూరం, షాఫ్టు వాలు కొలిచి పెట్టుకోవాలి. కొత్త ఇంజను అనుమతించే వాలుకంటే మీ షాఫ్టు వాలు ఎక్కువైతే సంపులో ఆయిల్ ఒక మూలకు చేరి పంపుకు అందదు. కంపెనీ బొమ్మలోని కొలతలతో ప్లైవుడ్ అచ్చు ఒకటి చేయించి గదిలో పెట్టి చూసుకుంటే, ఫిల్టరు తీయడానికి చెయ్యి పడుతుందా, ఆయిల్ చూసే గేజు పుల్ల బయటకు వస్తుందా అన్నది ముందే తెలిసిపోతుంది. శక్తి పెరుగుతుంటే షాఫ్టు మందం సరిపోతుందో లేదో కూడా అడగాలి.

పాత ఇంజను కొంటే చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించాలి. మీరు వెళ్ళేసరికి ఇంజను ఎవరో అప్పుడే నడిపి ఆపినట్లు బ్లాకు గోరువెచ్చగా చేతికి తగిలితే, అది చల్లారేదాకా టీ తాగి వచ్చి మళ్ళీ చూడండి. గేజు పుల్ల మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంటే నీరు చేరినట్లు, ఇక బేరం అక్కరలేదు. బ్లాకు మీద ఇంజను నంబరు గీకి మళ్ళీ కొట్టినట్లుంటే కూడా వదిలేయండి. ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్య నియంత్రణ చట్టం, 1994 కింద మీ పడవకు ఉన్న లైసెన్సు, రిజిస్ట్రేషన్ పత్రాల్లో ఇంజను వివరాలు ఉంటాయి. నంబరు, హెచ్‌పీ మారినప్పుడు మత్స్యశాఖ కార్యాలయంలో బిల్లు చూపించి మార్పించుకోకపోతే 2019లో లీటరుకు 9 రూపాయలకు పెంచిన డీజిల్ రాయితీ దగ్గరా, బీమా దగ్గరా ఇబ్బంది తప్పదు.

బిగింపు, పరీక్ష

డీజిల్ ట్యాంకును పూర్తిగా ఖాళీచేసి కడిగించి, నీరు వేరుచేసే ఫిల్టరుతో సహా రెండు ఫిల్టర్లు పెట్టించిన తరువాతే కొత్త ఇంజనుకు గొట్టం కలపాలి. పదేళ్ళ మడ్డి ట్యాంకు అడుగున ఉండగా కొత్త ఇంజెక్టర్లు వారం కూడా నిలవవు.

షాఫ్టును సరిచూడటం పడవ నీటిలోకి దిగి, కనీసం ఒక రోజు తేలిన తరువాత చేయవలసిన పని. ఒడ్డున దిమ్మల మీద ఉన్నప్పుడు పడవ ఆకారం ఒకలా ఉంటుంది, నీటిలో మరోలా ఉంటుంది. గేరుబాక్సు కప్లింగునూ షాఫ్టు కప్లింగునూ బోల్టులు వేయకుండా ఎదురెదురుగా తెచ్చి, ఆ సందులో పైన, కింద, రెండు పక్కలా ఫీలర్ గేజు (సందును కొలిచే సన్నని రేకుల కట్ట) ఆకును దూర్చి చూడాలి. కప్లింగు వ్యాసం 4 అంగుళాలైతే, నాలుగు చోట్ల కొలతల మధ్య తేడా 0.1 మిల్లీమీటరు మించకూడదు. పైన ఆకు బిగువుగా, కింద వదులుగా ఉంటే ఇంజను ముందుభాగం ఎత్తుగా ఉన్నట్లు, కింద బిగువుగా ఉంటే పల్లంగా ఉన్నట్లు. ఇంజను కాళ్ళ కింద వేసే పలుచని రేకు, షిమ్ము, ఒక్కటి తీసి, ఒక్కటి వేసి, మళ్ళీ చూడాలి. దీనికి సగం రోజు పడుతుంది. "కంటికి సరిగానే ఉంది కదన్నా" అనే మెకానిక్‌కు ఆ సగం రోజు కూలి విడిగా ఇచ్చి అయినా చేయించండి.

చివరి పరీక్ష నిండు బరువుతోనే చేయాలి. ఖాళీ ఐసు పెట్టెలతో చేసిన పరీక్షకు విలువ లేదు. థ్రాటిల్ పూర్తిగా తోసినప్పుడు ఇంజను పత్రంలో రాసిన గరిష్ఠ చుట్లను అందుకోవాలి. 200 చుట్లు తక్కువగా ఆగి నల్లపొగ వస్తుంటే ప్రొపెల్లరు బరువెక్కువైనట్లు, పిచ్ సుమారు ఒక అంగుళం తగ్గించాలి. చుట్లు సులభంగా దాటిపోతుంటే పిచ్ పెంచాలి. పాత ఇంజనును, ముఖ్యంగా దాని గేరుబాక్సునూ కప్లింగునూ, ఈ పరీక్ష ముగిసి, మొదటి 50 గంటల ఆయిల్ మార్పు, బెడ్డు బోల్టుల బిగింపు, ఫీలర్ గేజుతో రెండవసారి సరిచూడటం అయ్యేదాకా పాతసామాను వ్యాపారికి తూచి ఇవ్వవద్దు. చాలా పడవల్లో షాఫ్టుకూ కొత్త గేరుబాక్సుకూ మధ్య కుదరని ఆ నాలుగు బోల్టు రంధ్రాల కొలత చివరికి పాత కప్లింగు మీదే దొరుకుతుంది.